ల్యాబ్ తాళం తీయండి, పిల్లల చేత సర్క్యూట్ బోర్డు చేయించండి: పాఠశాల విద్యాశాఖకు ఒక మెకానిక్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, జిల్లా విద్యాశాఖాధికారులకు, అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న ప్రతి బడి హెడ్మాస్టరు గారికి,

నమస్కారం.

నేను గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్నంలో టీవీలు, ఇన్వర్టర్లు, మోటారు స్టార్టర్ల బోర్డులు బాగుచేసే మెకానిక్‌ని. షాపు పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. రాగి రేకు అంటించిన పలక మీద మార్కరుతో గీతలు గీసుకుని, రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి, గీతల కింది రాగి మాత్రం మిగిలేలా సొంతంగా సర్క్యూట్ బోర్డులు చేసుకోవడం నాకు కుర్రతనం నుంచీ ఇష్టం. ఆ పని మా ఊరి హైస్కూల్లో పిల్లలకు పైసా తీసుకోకుండా నేర్పుతానని రెండుసార్లు అర్జీ పెట్టాను. మొదటిదానికి "చూద్దామండి" అన్నారు. రెండోది పై ఆఫీసుకు పంపామన్నారు. ఏడాదిన్నర అయింది, కబురు లేదు. ఆ బడి పేరు, ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను. ఎవరో ఒకరిని నిలదీద్దామని ఈ లేఖ రాయడం లేదు. చుట్టుపక్కల ఊళ్లలో నాకు తెలిసిన మెకానిక్కులూ, సైన్సు మేష్టార్లూ చెప్పేది ఇదే మాట కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

మా బడిలో ల్యాబ్ ఉంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారన్నది మీకు తెలిసిందే: 10 లక్షలు సామానుకు, మిగతా 10 లక్షలు ఐదేళ్లలోపు నడిపే ఖర్చుకు. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లలు అక్కడ తమ చేతులతో వస్తువులు చేయాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశం, మంచి సామాను. సీసం కరిగించి భాగాలు అతికించే సోల్డరింగ్ ఐరన్లు, మల్టీమీటర్లు, త్రీడీ ప్రింటర్, మైక్రోకంట్రోలర్ బోర్డులు అన్నీ వచ్చాయి. నేను లోపలికి వెళ్లింది ఒక్కసారే, తనిఖీ ముందు రోజు, ప్లగ్గు పాయింట్లు పనిచేయడం లేదని పిలిస్తే. సోల్డరింగ్ ఐరన్లు ఇంకా ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి. ఒక ఐరన్ బిట్టు తీసి చూశాను. కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. ఒక్కసారి కూడా సీసం తగలలేదు దానికి.

తాళం చెవి ఎవరి దగ్గర ఉందో తర్వాత కనుక్కున్నాను. ల్యాబ్ చూసుకునే మేష్టారు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినవారికి సామాను లెక్క అప్పగించలేదు. లెక్క సంతకం పడితే గానీ తాళం తీయరు, ఏదైనా పోతే తన జీతంలో కోస్తారని ఆయన భయం. ఆ భయం అన్యాయమని నేను అనను.

ఇక ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఈ లేఖ రాయడానికి అసలు కారణం తనే.

మా వైపు రొయ్యల చెరువులు మీకు తెలుసు. రాత్రి పొద్దు ఎండ ఉండదు కాబట్టి నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది, తెల్లవారుజామున మరీ అడుగంటుతుంది. ఆ వేళకు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగాలి. కరెంటు పోయి, జనరేటర్ వేయడం ఆలస్యమైతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఈ అమ్మాయి నాన్న చెరువు గట్టు మీద కాపలా ఉంటాడు. ఏరియేటర్ల హోరు ఆగితే మెలకువ రాదా అని అడుగుతారు తెలియనివాళ్లు. రెండు రాత్రులు వరుసగా కాపలా కాసిన మనిషికి ఆ నిశ్శబ్దంలోనే నిద్ర ఇంకా బాగా పడుతుంది. ఒకసారి అలాగే జరిగింది. చెరువు ఆసామి నష్టంలో కొంత ఆయన జీతంలో పట్టాడు.

తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్ల మా షాపుకు వచ్చి, "బాబాయ్, కరెంటు పోగానే మోగే గంట దొరుకుతుందా?" అని అడిగింది. దొరుకుతుంది, కొని ఇచ్చేయొచ్చు. కానీ వాళ్ల బడిలో ల్యాబ్ ఉందని తెలుసు గనుక, "మీ ల్యాబులో చేసుకో, ఎలాగో నేను చెబుతాను" అన్నాను. ల్యాబు ఎప్పుడూ చూడలేదంది. చివరికి నా బల్ల మీదే చేసింది, నాలుగు ఆదివారాలు.

ఇంటి కరెంటుతో ఆడుకోవద్దని ముందే చెప్పాను. 230 వోల్టులు తాకే పని లేకుండా పాత మొబైల్ చార్జర్ వాడాం. చార్జర్ సాకెట్‌లో ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు దాని నుంచి వచ్చే 5 వోల్టులు స్విచ్‌లా పనిచేసే ఒక ట్రాన్సిస్టర్‌ని ఆన్‌లో ఉంచుతాయి, అది రెండో ట్రాన్సిస్టర్‌ని నొక్కిపెట్టి ఉంచుతుంది. కరెంటు పోగానే మొదటిది వదిలేస్తుంది, రెండోది లేచి 9 వోల్టుల బ్యాటరీతో బజర్ మోగిస్తుంది. రెండు బీసీ 547 ట్రాన్సిస్టర్లు, కరెంటును అదుపు చేసే నాలుగు రెసిస్టర్లు, ఒక బజర్. చార్జర్ కాక 130 రూపాయల లోపు.

మొదటి బోర్డు పనిచేయలేదు. గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, సోల్డరింగ్ పర్వాలేదు, బజర్ మాత్రం కిక్కురుమనలేదు. నాకు ఎక్కడ తప్పో చూడగానే తెలిసింది, చెప్పలేదు. పావుగంట తిప్పి తిప్పి చూసింది. చివరికి షాపులో గోడకున్న అద్దం ముందు బోర్డు పట్టుకుంది. "బాబాయ్, కాగితం మీద పైనుంచి చూసినట్టు గీశాను, రాగి కింద వైపు ఉంటుంది కదా. ఎడమ కుడి అయిపోయింది!" అని అరిచింది. ట్రాన్సిస్టర్ కాళ్లు కలెక్టర్, బేస్, ఎమిటర్ అని వరసలో ఉంటాయి. బోర్డు తిరగబడేసరికి కలెక్టర్ చోట ఎమిటర్ పడింది. రెండు ట్రాన్సిస్టర్లనూ పీకి, చదును ముఖం అటు తిప్పి మళ్లీ అతికించింది. మోగింది. పక్కనున్న టీ కొట్టాయన కూడా లేచి వచ్చాడు.

రెండో పాఠం ఇంకా పెద్దది. గట్టు మీద పెట్టాక బ్యాటరీ పద్దెనిమిది రోజులకే అయిపోయింది. ఎందుకో నేను చెప్పలేదు, పదో తరగతి అక్క పుస్తకం తెచ్చుకుని ఓమ్ నియమం చదువుకోమన్నాను. 10 కిలో ఓముల రెసిస్టర్ గుండా 9 వోల్టుల బ్యాటరీ నుంచి ఎడతెరిపి లేకుండా దాదాపు 0.9 మిల్లీ ఆంపియర్ కరెంటు కారిపోతోందని తనే లెక్క కట్టింది. ఆ రెసిస్టర్ తీసి 47 కిలో ఓములది పెడితే అదే బ్యాటరీ దాదాపు మూడు నెలలు వస్తుందని కూడా తనే చెప్పింది. అక్క ఆ నియమాన్ని పరీక్షలో నాలుగు మార్కులకు రాసింది. ఈ పిల్ల దాంతో వాళ్ల నాన్న బ్యాటరీ ఖర్చు తగ్గించింది.

ఆ బోర్డు సైన్స్ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లింది. తీర్పు చెప్పినవారు రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. "ఫినిషింగ్ లేదమ్మా, వైర్లు కనిపిస్తున్నాయి" అన్నారట. బహుమతి అందుకున్నది రంగు లైట్లతో తిరిగే ఒక స్మార్ట్ సిటీ నమూనా. అది ఎక్కడ కొన్నారో నాకు తెలుసు, దాని మీద వేసిన సర్క్యూట్ ఏమిటో కూడా తెలుసు. తెచ్చిన బాబుకు తెలియదు. వాడి తప్పేం లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఏళ్ల తరబడి నేనూ ఇలాంటి ప్రాజెక్టులు చేసి అమ్మాను. "అన్నా, రేపే ఎగ్జిబిషన్, ఏదో ఒకటి మోగేదో వెలిగేదో ఇవ్వండి" అని రాత్రి ఎనిమిదింటికి తండ్రులు వచ్చేవారు. కూలి డబ్బు లెక్కపెట్టి ఇచ్చినవాళ్లు ఉన్నారు వాళ్లలో. తీసుకున్నాను. ఆ అమ్మాయి బోర్డును పక్కన పెట్టిన రోజు నుంచి మానేశాను. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి సామాను కోసం వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను, ఇంజినీరింగ్ పిల్లలు కూడా తయారు ప్రాజెక్టుల కోసమే తిరుగుతుంటారు. ఆరో తరగతిలో కొని పెట్టిన అలవాటు అక్కడిదాకా వెళ్తోంది.

ఈ తాళాల వల్ల ఎవరికి ఏం నష్టమో వరసగా చెబుతాను.

1. డబ్బున్న పిల్లలకు ల్యాబు మూసి ఉన్నా ఏం కాదు. కిట్లు ఇంటికే వస్తాయి, కోచింగ్‌లు ఉన్నాయి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే అవకాశం సర్కారు బడిలో తప్ప ఇంకెక్కడా లేనిది కూలీల పిల్లలకూ, కౌలు రైతుల పిల్లలకూ. ఆడపిల్లలకు మరీను. అబ్బాయి సాయంత్రం నా షాపుకు వచ్చి కూర్చుంటే ఎవరూ ఏమనరు. ఆ అమ్మాయి ప్రతి ఆదివారం వాళ్ల అమ్మమ్మను వెంటబెట్టుకుని వచ్చేది.

2. ఊళ్లలో బాగుచేసేవాళ్లు కరువవుతున్నారు. నా ఈడు మెకానిక్కులు కళ్లు కనబడక మానేస్తున్నారు, వెనక వచ్చేవాళ్లు లేరు. మోటారు స్టార్టర్‌లో, ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పోతే, లోపల కాలింది ఐదు రూపాయల భాగమైనా డబ్బా మొత్తం మార్చేస్తున్నారు. మార్చే స్తోమత లేని రైతు దాన్ని పక్కకు తప్పించి డైరెక్టుగా కలుపుతున్నాడు. ఒక ఫేజు పోయినా మోటారు అలాగే తిరిగి వైండింగ్ కాలుతుంది. రీవైండింగ్‌కు వేలు. దాన్ని విప్పి చూడగల కుర్రాడు ఊరికొకడున్నా ఆ నష్టం ఉండదు.

3. పారేసిన బోర్డులన్నీ చెత్తలోకి, కాలువ గట్లకు చేరుతున్నాయి. వాటిలో సీసం ఉంది.

4. 2025 మార్చిలో కేంద్రం ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీకి 22,919 కోట్ల పథకం ఆమోదించింది. సర్క్యూట్ బోర్డులు కూడా అందులో ఉన్నాయి. మన దగ్గర శ్రీసిటీ, కొప్పర్తి పారిశ్రామికవాడలు ఉన్నాయి. ఫ్యాక్టరీలు రావాలని నేనూ కోరుకుంటాను. కానీ ఆ గేట్ల లోపలికి మన పిల్లలు ప్యాకింగ్ బల్ల దగ్గరకే వెళ్తారా, బోర్డు డిజైన్ చేసే గదికి వెళ్తారా అన్నది తొమ్మిదో తరగతిలోనే సగం తేలిపోతుంది.

ఈ గడ్డ మీద ఇది కొత్త సంగతేమీ కాదు. 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టి, దాని తొలి మేనేజింగ్ డైరెక్టరుగా నడిపిన అయ్యగారి సాంబశివరావు గారు పుట్టింది భీమవరం దగ్గర మోగల్లులో. నేను పని నేర్చుకున్నది ఆ సంస్థ చేసిన ఈసీ టీవీల మీదే. వెనక మూత తీస్తే మన దేశంలో చేసిన బోర్డు కనబడేది. ఆ బోర్డు మీద గీతలు చూసి చూసి, ఒక కాగితం మీద ఎక్కించుకుని, సర్క్యూట్ అంటే ఏమిటో తెలుసుకున్నాను.

నాకు అడ్డు చెప్పినవారి మాటలు రెండు ఉన్నాయి. అవి గౌరవంగానే వినాల్సినవి.

మొదటిది: "ఈ రోజుల్లో చేత్తో బోర్డు ఎవరు చేస్తారండి, కంప్యూటర్లో గీసి ఆర్డర్ పెడితే ఫ్యాక్టరీ నుంచి వస్తుంది." నిజమే. నేనూ తెప్పించుకుంటాను. గీయడానికి కైక్యాడ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రాన్స్‌లో ఒక అధ్యాపకుడు 1992లో మొదలుపెట్టినది, పెద్ద కంపెనీలు కూడా వాడుతున్నాయి. పిల్లలకు అదీ నేర్పాలి, రెండో మెట్టుగా. మొదటి బోర్డు మాత్రం చేత్తోనే కావాలి. రాగి ఎక్కడ కరిగిందో, ఎక్కడ మిగిలిందో ట్రేలో కళ్లతో చూసినప్పుడే గీత అంటే తీగ అని పిల్లకు అర్థమవుతుంది. తప్పు చేస్తే ఆ సాయంత్రమే తెలియాలి, రెండు వారాల తర్వాత పార్శిల్ వచ్చాక కాదు.

రెండోది: "ఫెర్రిక్ క్లోరైడ్ ప్రమాదం, పిల్లల చేతికి ఎలా ఇస్తాం?" ఈ ప్రశ్న నాకు ఇష్టం, ఎందుకంటే ఇందులో బాధ్యత ఉంది. అది మంచినీళ్లేమీ కాదు. బట్టకు తగిలితే మరక పోదు, కంట్లో పడితే ప్రమాదం, స్టీలు గిన్నెను తినేస్తుంది. అందుకే ప్లాస్టిక్ ట్రే, రబ్బరు గ్లోవ్స్, కళ్లద్దాలు, పక్కన బకెట్ నీళ్లు, కిటికీలు తెరిచిన గది. పొడి తెస్తే పొడినే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు, వేడెక్కి చిందుతుంది. గోరువెచ్చగా ఉంచి ట్రే మెల్లగా ఊపుతుంటే ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. ఇవన్నీ కెమిస్ట్రీ ల్యాబులో మీరు రోజూ పాటించే జాగ్రత్తలే.

అసలు జాగ్రత్త వాడేసిన ద్రావణం దగ్గర. అందులో కరిగిన రాగి ఉంటుంది. మా ప్రాంతంలో కాలువ నీళ్లే చెరువులకు వెళ్తాయి, తాగే నీళ్ల ట్యాంకులకూ అవే. చేపకూ రొయ్యకూ రాగి విషం. కాబట్టి సింకులో పోయడం అనే మాటే రాకూడదు. నేను మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో పోగుచేస్తాను. నిండాక చాకలి సోడా కొంచెం కొంచెంగా వేస్తే నురగ వస్తుంది, ఆగాక రాగి మడ్డిగా అడుగున పేరుకుంటుంది. ఆ మడ్డిని ఆరబెట్టి, మూట కట్టి, విడిగా ఉంచుతాను. బడుల్లో అలా పోగైనదాన్ని తీసుకెళ్లే ఏర్పాటు మీరే చేయాలి. అది మెకానిక్ వల్ల అయ్యే పని కాదు.

ఇక నా విన్నపాలు.

1. ప్రతి ల్యాబు వారానికి కనీసం రెండు సాయంత్రాలు, బడి వదిలాక గంటన్నర తెరిచి ఉండాలి. ఎవరు వచ్చారో, ఏం చేశారో పిల్లలే రిజిస్టరులో రాయాలి. తాళం చెవి ఇద్దరి దగ్గర ఉండాలి. బదిలీ అయిన వారం రోజుల్లో సామాను లెక్క కొత్తవారికి అప్పజెప్పాలి. పిల్లలు వాడుతుండగా పాడైన సామానుకు మేష్టారి జీతం ముట్టుకోబోమని రాతపూర్వకంగా చెప్పండి. ఈ ఒక్క కాగితం వస్తే సగం తాళాలు వాటంతటవే తెరుచుకుంటాయని నా నమ్మకం.

2. అరిగిపోయే సామానుకు నెలకు కొంత డబ్బు హెడ్మాస్టరు చేతిలో ఉండాలి. రాగి పలక, సోల్డర్ తీగ, ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, బ్యాటరీలు ఊళ్లో కొట్టు బిల్లు మీద కొనే వీలు కల్పించండి. రెండు రూపాయల ట్రాన్సిస్టర్‌కు మూడు కొటేషన్లు అడిగితే ఎవరూ తేలేరు.

3. ఊళ్లో ఉన్న మెకానిక్కులను, ఎలక్ట్రీషియన్లను, రిటైరైన లైన్‌మేన్లను బడిలోకి రానివ్వండి. 2020 జాతీయ విద్యా విధానంలోనే ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని ఉంది. వడ్రంగి, కుమ్మరి, తోటమాలి పక్కన మా పేరూ చేర్చండి. మా ఆధార్ చూడండి, పోలీసు వెరిఫికేషన్ చేయించండి, గదిలో ఒక టీచరు ఉండాలనండి. అన్నిటికీ ఒప్పుకుంటాం. భత్యం అడగడం లేదు.

4. ఎగ్జిబిషన్లలో తీర్పు పద్ధతి మార్చండి. నమూనా ముందు నిలబడి మూడు పనులు చేయమనండి: సర్క్యూట్ బొమ్మ కాగితం మీద వేయాలి, ఒక తీగ తీసేస్తే ఏమవుతుందో ముందే చెప్పాలి, తీశాక మళ్లీ బాగుచేయాలి. పిల్లల ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డు కింద ఎంపికైన ఆలోచనకు వచ్చే 10,000 రూపాయలు కూడా తయారు వస్తువు కొనడానికి పోకుండా, సామాను బిల్లులు చూడండి. కొని తెచ్చిన పిల్లను నలుగురిలో అవమానించవద్దు. వచ్చే ఏడాది నీ చేత్తో చేసి తీసుకురా అని చెప్పి పంపండి.

5. ఏ తరగతికి ఏ పని అన్నది రాసి ఇవ్వండి. ఆరు, ఏడు తరగతులకు సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చే బ్రెడ్‌బోర్డు చాలు. ఎనిమిదిలో, ముందే చిల్లులున్న జీరో పీసీబీ పలక మీద సోల్డరింగ్. కెమికల్ పని తొమ్మిది నుంచి, టీచరు పక్కన ఉంటేనే. సోల్డర్ సీసం లేనిది కొనండి. కొంచెం ఎక్కువ వేడి కావాలి, ధర కూడా ఎక్కువే, కానీ పిల్లల చేతులు కదా. ఇంటి కరెంటుకు నేరుగా కలిపే ప్రాజెక్టు ఏ తరగతికీ వద్దు. బ్యాటరీ, లేదా మంచి చార్జర్, అంతే.

2025 కేంద్ర బడ్జెట్‌లో సర్కారు బడుల్లో ఐదేళ్లలో 50,000 టింకరింగ్ ల్యాబులు పెడతామన్నారు. కొత్తవి తెరిచే లోపు ఉన్నవాటి తాళాల సంగతి తేల్చమని అడుగుతున్నాను. ఈ లేఖకు జవాబు నాకు వ్యక్తిగతంగా రాయనక్కర్లేదు. అన్ని బడులకూ ఒక సర్క్యులర్ వస్తే అదే జవాబు.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతిలో ఉంది. తను చేసిన గంటకు ఒక లోపం ఉందని తనే పట్టుకుంది. ఏరియేటర్లు త్రీ ఫేజ్ మీద నడుస్తాయి, చార్జర్ ఉన్నది ఒక్క ఫేజు మీద. మిగతా రెండింటిలో ఏది పోయినా గంట మోగదు. మూడు ఫేజులకూ మూడు సాకెట్లు ఎలక్ట్రీషియన్ చేత పెట్టించి, మూడు చార్జర్లు తగిలిస్తే ఎలా ఉంటుందని అడిగింది. బొమ్మ గీసింది, ఈసారి కింద వైపు నుంచి చూసినట్టే. గీతలు ఒకదాన్నొకటి దాటకుండా వేయడానికి కాగితం మూడుసార్లు చెరిపింది. ఆ కాగితం నా బల్ల సొరుగులో ఉంది. వాళ్ల అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇక ఆదివారాలు తీసుకురాలేనంది. పబ్లిక్ పరీక్షలకు ఇంకా నాలుగు నెలల టైముంది. బడిలో తాళం తీస్తే ఆ కాగితం పట్టుకుని నేనే వస్తాను.

ఇట్లు,
గోదావరి జిల్లాల నుంచి ఒక టీవీ మెకానిక్